జాజు గీసే చెయ్యి

పొద్దున లేవగానే జమ్ములమ్మ చాయ ముట్టేది కాదు. మొహం కడుక్కొని, కొంగు నెత్తిన కప్పుకొని, అరుగు గోడలోని గూట్లోంచి ఇత్తడి తాంబాళం దించి ఒళ్ళో పెట్టుకునేది. తాంబాళంలో ఒక పక్క ఎర్రమట్టి జాజు గడ్డ, అరగదీసే రాయి. ఇంకో పక్క జనం పెట్టిపోయిన ఇనుప ముక్కలు. గోనెసంచి కుట్టే దబ్బనం, మొన విరిగిన కొడవలి, సైకిల్ గంట మీది మూత, తాళం పోయిన తాళంచెవి, ఇట్లాంటివే. ఒక్కొక్కటి తీసి కొంగుతో తుడిచి, అది ఎవరిదో వాళ్ళ పేరు తలుచుకునేది.

"ఇది అమరచింత మగ్గాల నర్సిములుది. నడుము మీద లేసిండె. సల్లగుండాలె. ఇది ఆత్మకూరు గాజులామెది. వీపు మీద. ఆమె సల్లగుండాలె తల్లీ."

గద్వాల జమ్ములమ్మ తల్లికి మొక్కుకొని పుట్టిన బిడ్డ కాబట్టి ఆమెకు ఆ పేరు. ఆ తల్లికే పొద్దున్నే అందరినీ అప్పజెప్పి, తాంబాళం గూట్లో పెట్టినాకనే పొయ్యి దగ్గరికి పోయేది.

సర్పి లేచినవాళ్ళకు జాజు గీసుడు ఆమె పని. ఒంటికి ఒక పక్కన నిప్పులు చల్లినట్టు పొక్కులు వరుసగా లేస్తాయే, అది సర్పి. ఆ వరుస పాములా నడుం చుట్టి తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడని ఆ పక్క ఊళ్ళ నమ్మకం. అందుకే జమ్ములమ్మ జాజు అరగదీసి, పొక్కుల చుట్టూ పూసి, రెండు కొసలకు రెండు సింహం బొమ్మలు గీసేది. పాము ఆ సింహాలను దాటి రాదు. పైసలు ముట్టేది కాదు, ముడితే జాజు పనిచెయ్యదు. తగ్గినవాళ్ళు మాత్రం ఒక ఇనుప ముక్క తెచ్చి తాంబాళంలో పెట్టాలె. నొప్పిని ఇనుముకు అప్పజెప్పినట్టని అత్త చెప్పింది. ఆ అత్తకు ఆమె అత్త చెప్పింది. కోడళ్ళకు దిగుతూ వచ్చే పని అది.

ఎండన పడి వచ్చినవాళ్ళకు ముందు గ్లాసెడు సల్ల తాగనిచ్చి, చెమట ఆరనిచ్చి, అప్పుడు గీసేది. "బొమ్మ నేను గీసిన, మంచిగనే ఉంది. అయినా జ్వరమొస్తే వనపర్తి దవాఖానకు పో. సింహానికి సూది ఇయ్యొస్తదా?" అని నవ్వేది.

ఆమె కొడుకు శివకుమార్ ఆటో నడిపేవాడు. కోడలు రేణుకకు పెళ్ళయిన చాన్నాళ్ళకు, మొక్కని దేవుడు లేనంతగా మొక్కినాక, కడుపు నిలిచింది. ఐదో నెల. లోపలి అర్రలో, మూరెడు మందం రాతిగోడ అవతల, ఆమెకు చల్లగా ఉంటుందని జమ్ములమ్మ తన నులక మంచం వేయించింది. తను అరుగు మీదికి మారింది. ఆ ఇంట్లో అందరి చెవులూ ఆ కడుపు మీదనే ఉండేవి. ఆమె దగ్గినా ఇద్దరూ లేచేవాళ్ళు.

ఆ దినాల్లోనే మధు వచ్చాడు.

మధు ఆ ఊరి పోరడే. వేరే రాష్ట్రంలో గ్యాసు గొట్టాలు అతికే కంపెనీలో కూలికి పోయాడు. బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా, కుంటుకుంటూ నేరుగా ఈ అరుగు దగ్గరికే వచ్చి కూలబడ్డాడు.

"అవ్వా, సర్పి లేసింది. జర నీ సింహాలను లేపు."

"ఏడ లేసిందిరా?"

"తొడ మీద."

"సర్పి నడుము మీద లేస్తది, వీపు మీద లేస్తది. తొడ మీదికేందిరా?"

"నాది పరాయి దేశం సర్పి గదా అవ్వా. తొవ్వ తెల్వక కిందికి దిగింది."

జమ్ములమ్మ నవ్వింది. ప్యాంటు జరిపి చూసి నవ్వు ఆపింది. పొక్కుల వరుస లేదు. కాలిన పెంకు అదిమినట్టు గుండ్రంగా ఒకటే మచ్చ, నడుమ నల్లబడి, అంచులు ఉబ్బి ఉంది. "ఇది నాకు సర్పి లెక్క కొడతలేదురా. దవాఖానకు పో," అంది. వాడు చేతులు పట్టుకున్నాడు. అక్కడి డాక్టరు పురుగు ముట్టిందని మందు రాశాడట, పనిచెయ్యలేదట. "నువ్వు చెయ్యి పెడితే సగం తగ్గుతది, గియ్యి అవ్వా." అట్ల అడిగినవాళ్ళను లేదని పంపుడు ఆమెకు రాదు. గీసింది.

వాడు లేస్తూ సంచి వెతికి ఒక ముక్క తీశాడు. వేలెడు పొడుగు ఉక్కు తీగ, దాని కొసకు జొన్నగింజ మీద జర పెద్దగా మెరిసే కొన. గొట్టం కింద పడి ఉంటే మంచిగుందని జేబులో వేసుకున్నాడట, కొన్ని దినాలు బండి తాళానికి కూడా తగిలించుకున్నాడట.

"తగ్గినంక పెట్టాలెరా, ఇప్పుడే కాదు."

"తగ్గుతదిగద. బాకీ ఎందుకు, ముందే పెడుత."

తాంబాళంలో వేసి పోయాడు.

తగ్గి మళ్ళీ తిరగబెట్టినవాళ్ళ ముక్క చేతిలో ఎక్కువసేపు పట్టుకునుడు జమ్ములమ్మ అలవాటు. తగ్గినవాళ్ళను ఒక మాటతో వదిలేది. మధు పుండు పెద్దగవుతున్నదని తెలిసిన కొద్దీ, వాని ముక్కను గుప్పిట్లో మూసి, కండ్లు మూసుకొని, "తల్లీ, పిలగాడు కుంటుతుండు, జర చూడు," అని బతిమాలుతూ కూర్చునేది. చాయ చల్లారిందని రేణుక లోపలినుంచి కేకేస్తే, "ఒస్తున్న, మధుగాని సంగతి అయిపోనియ్యి," అనేది. ఆమె ఎంత ప్రేమగా పట్టుకుందో అంత లోతుగా అది ఆమెను కాల్చింది.

మొదట కుడిచేతి వేళ్ళు ఎర్రబడ్డాయి. సున్నం అంటిందనుకుంది. తర్వాత ఉబ్బి, తోలు పొరలు పొరలుగా లేచింది. చేతికే సర్పి అనుకున్నారు. రేణుక మొదటిసారి జాజు అరగదీసి, నాలుక కొస బయటపెట్టి, అత్త అరచేతి మీద సింహం గీసింది.

"ఇది సింహమా, మన నల్లమేకనా?" అంది జమ్ములమ్మ.

"నొప్పిల గూడ నీకు ఎకసెక్కాలేనా అత్తమ్మా," అని రేణుక ఆ చేతి మీద ఊదింది.

ఊదితే తగ్గే మంట కాదది. గాలి తగిలినా ఎముకలోకి దిగేది.

మధును హైదరాబాదు తీసుకపోయారు. అక్కడ ఒక పెద్ద డాక్టరు పుండు చూసి, ఏం పని చేసేవాడివని అడిగాడు. గొట్టాల అతుకుల పని అనగానే ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆ తెల్లారే ఊళ్ళోకి బండ్లు వచ్చాయి. తెల్లబట్టలు నెత్తినుంచి కాళ్ళదాకా తొడుక్కున్న మనుషులు దిగారు. చేతిలో పెట్టె పట్టుకొని నడుస్తుంటే అది టిక్కు టిక్కుమంది, అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా మొత్తుకుంది. పొడుగు పటకారుతో తాంబాళంలోని ఆ ముక్కను తీసి, మోయలేనంత బరువు సీసం పెట్టెలో వేసుకున్నారు. మిగతా దబ్బనాలు, తాళంచెవులు అన్నీ పెట్టెతో చూసి, వీటికేం లేదన్నారు.

వాళ్ళతో పాటు డాక్టరు సుమన వచ్చింది. పరిశోధన చేసే సంస్థలో పని. నాగర్‌కర్నూలు పక్క పిల్ల, చదివిన చదువు ఎంతున్నా మాట ఇక్కడిదే. ఆ బట్టలు విడిచి, జమ్ములమ్మ పక్కన అరుగు మీదనే కూర్చుంది. చాయ ఇస్తే తాగింది. ఆ దినం ఆ ఇంట్లో చాయ తాగిన పరాయి మనిషి ఆమె ఒక్కతే.

"మనిషికి ఎముక విరిగితే ఎక్స్‌రే తీస్తరు గదమ్మా. గట్లనే గొట్టం అతుకుల పగులుందా అని చూసే ముక్క అది. దాంట్లకెళ్ళి వచ్చేది కంటికి కానరాదు, వాసన రాదు. పట్టుకున్నోళ్ళను లోపలినుంచి కాలుస్తది. అది పాతబడ్డ ముక్క, సగం బలం పోయింది. అందుకే నువ్వింకా నాతోని మాట్లాడుతున్నవ్."

"నా చెయ్యి సంగతి ఇడ్సిపెట్టు బిడ్డా. మా రేణుక కడుపుతోని ఉంది."

సుమన తలెత్తి, రాతిగోడ వైపు, గూటి వైపు, లోపలి అర్ర వైపు చూసింది.

"అందరి రక్తం తీసుకపోత. రక్తంల కణాలుంటయి, వాటిల్ల సన్నటి దారాలసొంటివి ఉంటయి. ఎన్ని తెగినయో లెక్కపెడితే ఎంత తగిలిందో తెలుస్తది. కానీ ఆ రక్తాన్ని పెంచాలె, కండ్లు పోయేటట్టు చూడాలె. చేసేటోళ్ళు దేశంల ఎక్కువమంది లేరు. వారాలు పడతది."

"వారాలా?"

"అవునమ్మా. గిసొంటిది ఏదన్న జరిగితే ముందుగాల కావల్సింది అదే. ఎవరికి ఎంత తగిలిందో జల్ది చెప్పే పరీక్ష. ఎవరి దగ్గరా సరైనది లేదు. మేం చేస్తున్న పని గదే. రేపు యుద్ధమొచ్చినా, ఎవడన్న బాంబు పెట్టినా, వేలమందిల ఎవర్ని ముందు చూడాలెనో తెల్వాలె గదా."

"బాంబు సంగతి ఆనక. ఇప్పుడైతే మాకు ఒక్కతే ఉంది బిడ్డా, రేణుక."

సుమన ఆమె మంచిచెయ్యి పట్టుకుంది. "గోడ మందంగుంది. నా మనసుకైతే ఏం కాలేదనే అనిపిస్తుంది. అయినా లెక్క రాకముందే ఒట్టేసి చెప్పలేను. భయపడి ఏం జేసుకోకుండ్రి. నేను చెప్పేదాక ఆగుండ్రి." పోయేముందు ఊరందరినీ కూడబెట్టి, ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదని గొంతు పోయేదాకా చెప్పింది.

ఊరు విన్నది. బండ్లు పోయినాక మరిచింది.

పాలు పోసేవాడు రాలేదు. బోరింగు దగ్గర రేణుక బిందె పెడితే ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని జరిగిపోయారు. ఒకామె రేణుక కొట్టిన పిడిని చింతపండు వేసి తోమింది. శివకుమార్ ఆటో ఎవరూ ఎక్కలేదు. వీపు మీద సర్పి లేచి చావుదాకా పోతే, వారం దినాలు జమ్ములమ్మ దగ్గరే పడుకొని బతికి పోయిన మనిషి ఒకామె ఉంది. ఆమె వాకిట్లో నిలబడి, "నువ్వు గీసినకాడినుంచే నాకు కాళ్ళు గుంజుతున్నయ్. మమ్మల్నందర్ని సంపేటందుకు గీసినవా?" అని అరిచింది. కొందరు మొగవాళ్ళు వచ్చి, కట్టెలతో తాంబాళాన్ని నెట్టి, ముక్కలన్నీ గోనెలో ఎత్తి జూరాల కాలువలో పారేసి వచ్చారు. అన్ని పేర్లూ నీళ్ళల్లో పోయాయి. జమ్ములమ్మ ఎవరినీ తిట్టలేదు. "భయపడ్డరు పాపం," అంది. ఆ మాట అన్నందుకు కూడా ఒకడు మట్టిపెళ్ళ విసిరాడు.

మధు చనిపోయాడు. ఆ శవాన్ని ఊళ్ళోకి రానియ్యలేదు. బండి పొలిమేరలోనే ఆగి వెనక్కి తిరిగింది, వాడు ఎక్కడో మట్టయ్యాడు. వాని తల్లి పొలిమేర నుంచి నేరుగా ఈ అరుగు దగ్గరికి వచ్చింది. "నా కొడుకు నీ దగ్గరికి నడుసుకుంట వచ్చిండు గదనే," అని ఒక్క మాట అని, మెట్టు మీద కూర్చుండిపోయింది. జమ్ములమ్మ ఆమెకు సల్ల తెచ్చి ఇచ్చింది. ఆమె గ్లాసును చూసి, తాగలేదు.

పక్కింటి హెప్సిబా మాత్రం మొదట గోడ మీద జొన్నరొట్టెలు పెట్టి పోయేది. రెండో దినం గోడ చుట్టు తిరిగి లోపలికే వచ్చింది. జమ్ములమ్మకు ఒంటిచేత్తో తల దువ్వుకోవడం రావడం లేదని చూసి, నూనె రాసి, చిక్కు తీసి జడ వేసింది.

"నీకు భయం లేదా హెప్సిబా?"

"డాక్టరమ్మ అంటుకోదని చెప్పలేదా? నాకు చెవులున్నయి అక్కా, దేవుడిచ్చిండు. ఊరోళ్ళకు గూడ ఇచ్చిండు, బంగారం పెట్టుకునేటందుకు వాడుతరు."

ఆ జడ వేసిన సాయంత్రమే నిరంజన్ వచ్చాడు. రేణుక అన్న. జీపు తెచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, ఫోను తీసి, వంకర తలల పిల్లల బొమ్మలు, చేతులు లేని పిల్లల బొమ్మలు ఒకటెనక ఒకటి చూపించాడు.

"చూడత్తా. బాగా చూడు. గిసొంటిది పుడితే ఎవలు సాదాలె? నువ్వు సాదుతవా, ఆ చేతితోని?"

"డాక్టరమ్మ ఆగుమన్నది అన్నా," అంది రేణుక.

"ఆమెకేం, రాసుకుంటది, పోతది. నేను ప్రైవేటు దవాఖాన్ల అడిగిన. నెలలు దాటితే మేం ముట్టం, ఏదన్న అయితే మా మీద రావొద్దు, ఇప్పుడే తీసుకరాండ్రి అన్నరు. రేపు మనమే కడుపు తీయించుకుంటం అన్నా తియ్యరు. ఎవలాగుతరు?"

శివకుమార్ నేల చూశాడు. రేణుక భర్తను చూసి, అన్నను చూసి, గుమ్మం పట్టుకుంది. "నేను రాను. అత్తమ్మ పొమ్మంటే పోత. అత్తమ్మ పొమ్మనకపోతే ఈడనే ఉంట. ఎట్ల పుడితే గట్ల సాదుకుంట."

అందరూ జమ్ములమ్మను చూశారు.

ఆమె గుడ్డ చుట్టిన చేతిని చూసుకుంది. పొద్దునపూట అందరి పేర్లు మోసిన చెయ్యి అది. లోపల ఏముందో ఇప్పుడు వాసనొస్తున్నది. తన ఒళ్ళో పెట్టుకున్న తాంబాళమే ఇంత చేసింది. ఆ ముక్కను పట్టుకున్న చేత్తోనే రేణుకకు అన్నం కలిపి పెట్టింది, తల నిమిరింది. సుమన గోడ అంది. గోడ దాటి పోయి నిమిరిన చెయ్యి సంగతి ఎవరు చెప్పాలె? వారాలన్నది. ఫోన్ చేస్తే ఇంకా కాలేదన్నది, ఆగుమన్నది.

అప్పుడే రేణుక కడుపులో కదిలినట్టుంది. ఆమె మొహం మారింది. "చూడు అత్తమ్మా," అని జమ్ములమ్మ మంచిచెయ్యి పట్టుకొని పొట్ట మీద పెట్టుకోబోయింది. జమ్ములమ్మ నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి గుంజుకుంది.

"పో బిడ్డా," అంది. "నేను చెప్తున్న. పో."

రేణుక గుమ్మం వదిలింది. జీపు ఎక్కేముందు అత్తకు పొద్దున తాగాల్సిన గోలీలు ఎక్కడ పెట్టిందో భర్తకు చూపించి ఎక్కింది.

తిరిగొచ్చినాక ఆమె ఏడవలేదు. వండింది, ఊడ్చింది, అత్త కట్టు విప్పి కడిగి మళ్ళీ కట్టింది. పాలు దిగితే గుడ్డతో బిగించి కట్టుకొని పనిచేసుకుంది. ఒక్కసారి మాత్రం, "తియ్యకపోతే పుట్టి నొప్పి పడుతుండె గద, మంచిగనే అయింది గదా అత్తమ్మా?" అని అడిగింది. "మంచిగనే అయింది," అంది జమ్ములమ్మ.

తర్వాత హైదరాబాదులో జమ్ములమ్మ వేళ్ళు తీసేశారు. ఆ నొప్పికి అక్కడి మందులేవీ ఆగలేదు. ఇంత లోతు కాలితే తోలు మళ్ళీ ఎట్ల మొలిపించాలో తమకింకా తెల్వదని డాక్టర్లు ఆమె మంచం పక్కనే నిలబడి ఒకరికొకరు చెప్పుకున్నారు. చదువుకునే పిల్లలు వరుసగా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఒకడు, మొహం పడకుండ తియ్యి, చెయ్యి చాలు, అన్నాడు. తీసిన వేళ్ళు పరిశోధనకు ఉంచుకోవచ్చా అని సుమన అడిగితే, "మట్టిల పెడితే పురుగు తింటది. ఉంచుకో. ఎవలకన్న పనికొస్తే మంచిదేనాయె," అంది.  దినాము డ్యూటీ దిగేముందు సుమన వచ్చి, పక్క మంచాలవాళ్ళకు ఇచ్చే బత్తాయి ఒకటి ఒలిచి, తొనలు జమ్ములమ్మ నోటికి అందించి పోయేది.

ఇంటికి చేరిన కొన్నాళ్ళకు సుమన ఒక్కతే ఊరికి వచ్చింది. వాన పడి వెలిసింది. రేణుక పెరట్లో బట్టలు ఉతుకుతున్నది, రాయి మీద చప్పుడు వినబడుతున్నది. సుమన మెట్టు మీద కూర్చుంది. ఈసారి చాయ ఇస్తే ముట్టలేదు.

"ఢిల్లీల మీటింగుందమ్మా. బాంబులు, ఇసొంటి ప్రమాదాలు వస్తే ముందుగాల దేనికి మందు కనుక్కోవాలె, దేని మీద పైస పెట్టాలె అని తేల్చుతరు. నన్ను మాట్లాడుమన్నరు. మీ సంగతి చెప్త."

"చెప్పు. నా చెయ్యి బొమ్మ చూపెడతరంటగా. చూపెట్టు."

"చెయ్యి కాదమ్మా." సుమన చాయ గ్లాసు పక్కకు జరిపింది. "రేణుక లెక్క వచ్చింది. రెండుసార్లు చేయించిన, తప్పు పోతదేమో అని. ఆమెకు లెక్కకొచ్చేంత ఏం తగల్లేదు. గోడ ఆపింది. ఆ ముక్కను పట్టుకున్న చేతితోని ముట్టినంత మాత్రాన అంటేది కాదది, బూడిద లెక్క రాలేది కాదు."

జమ్ములమ్మకు అర్థమయింది. అయినా అడిగింది.

"లోపలిదానికి?"

"ఏం కాకపోతుండె. మంచిగ పుడుతుండె."

పెరట్లో బట్ట బాదే చప్పుడు ఆగి, పిండుతున్నట్టు నీళ్ళు కారే చప్పుడు వచ్చింది.  జమ్ములమ్మ మిగిలిన చేత్తో గోడను తడిమింది. రాయి చల్లగా, గట్టిగా ఉంది.

"నేను ఫోన్ల ఇంకా గట్టిగ చెప్పాల్సుండె," అంది సుమన. "పరీక్ష జల్ది అయ్యేదుంటే ఇది కాకపోతుండె. మీటింగుల చెప్పేది ఇదే. కానీ ముందు రేణుకకు చెప్పాలె. ఆమె రక్తం, ఆమె లెక్క. దాచే హక్కు నాకు లేదు."

"డాక్టరమ్మ వచ్చినట్టుంది గదా అత్తమ్మా?" రేణుక పెరట్లోంచి కేకేసింది. "ఉండుమను. చేతులు కడుక్కొని ఒస్తున్న. నా రక్తం సంగతి అడగాలె."

జమ్ములమ్మ వంగి, వేళ్ళు లేని చేతినీ వేళ్ళున్న చేతినీ కలిపి సుమన పాదాల దగ్గర పెట్టింది. సుమన లేవదీయబోతే లేవలేదు.

"వేళ్ళు అడిగితే ఇచ్చిన బిడ్డా. ఇంకా కావాలంటే చెయ్యి ఉంది, తీసుకపో. ఈ ఒక్కటి నా కోసం చెయ్యి. ఆమెకేం కాలేదని చెప్పు, ముందుకు కడుపు నిలుస్తది, పిల్లలు మంచిగ పుడతరని చెప్పు, అది నిజమేనాయె. పోయినదానికి మాత్రం తగిలిందని చెప్పు. బతకకపోతుండె అని చెప్పు. దేవుడు అడిగితే ఆ అబద్ధం నాదని నేను చెప్పుకుంట. చెప్తవ్ గదా బిడ్డా? వస్తుంది, జల్ది చెప్పు."